సోమవారం మీటింగ్, మేడ మీద

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు టీ వచ్చింది. తొమ్మిదిన్నరకు మొదలైన మీటింగు అప్పటికి ఇంకా మొదటి విషయం దగ్గరే ఉంది. టీ తెచ్చినామె ఎప్పటిలాగే ముందు నాకు ఇచ్చింది, తర్వాత మేనేజరు గారికి, తర్వాత మిగతా వాళ్లకు. కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ ముందు ఒక్క క్షణం ఆగి, పళ్లెం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని వెళ్లిపోయింది. ఆ కుర్చీ నా భర్తదని అందరూ అనుకునేవాళ్లు. నిజానికి ఆయన అందులో ఎన్నడూ కూర్చోలేదు.

మా ఆఫీసు నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే రోడ్డు మీద ఉంది. పసుపు, మొక్కజొన్న పండించే రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ. కింద గోదాము, లారీలు తూచే కాటా, దాని పక్కన రేకుల షెడ్డు. మేడ మీద గదులు. నేను రైతు సభ్యుల వ్యవహారాలు చూస్తాను. ఆయన ఫీల్డు చూసేవాడు. ఊళ్లు తిరిగి, పసుపు ఎక్కడ తవ్వుతున్నారు, ఎక్కడ ఉడకబెడుతున్నారు, ఎక్కడ ఎండింది అని చూసి, మా పాలిష్ మిషనును ఏ ఊరికి ఎప్పుడు పంపాలో తేల్చేది ఆయనే. ఎండిన పసుపు కొమ్ముల్ని ఆ మిషను డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి నున్నగా అవుతాయి. అలా అయితేనే మార్కెట్ యార్డులో మంచి ధర పలుకుతుంది. మాకున్నది ఒకటే మిషను. అన్ని ఊళ్లూ దానికోసం ఎదురు చూస్తాయి.

ఆయన బోధన్ దగ్గరి క్యాంపు మనిషి. కాలువ నీళ్లను చూసి కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. నాది వేల్పూర్. పెళ్లయిన కొత్తలో ఆయన మా ఇంట్లో "ఏమండీ, కాస్త మంచినీళ్లిప్పిస్తారా" అని అడిగితే మా అవ్వ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది. మా కంపెనీకి రాకముందు ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు విభాగంలో పనిచేశాడు. ఫ్యాక్టరీ ఆగిపోయాక ఇటు వచ్చాడు. వచ్చేటప్పుడు అక్కడి అలవాటు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. నరికిన చెరకులో గంట గంటకూ పస తగ్గుతుంది. అందుకని క్రషింగ్ రోజుల్లో చెరకు వాళ్లు కూర్చుని మాట్లాడుకోరు. బళ్ల మధ్య నిలబడి తేల్చుకుంటారు.

ఇక్కడ కూడా ఆయన సోమవారం ఉదయం కాటా పక్కన షెడ్డు కింద అందర్నీ నిలబెట్టేవాడు. అయిపోయిన పని గురించి ఎవర్నీ అడిగేవాడు కాదు. ఎక్కడ ఆగిందో అది మాత్రం చెప్పమనేవాడు. ఆ పని ఎవరు చేయాలో వాళ్లే ఎలా చేస్తారో చెప్పాలి. మిగతావాళ్లు అడగొచ్చు, అంతే. ఎవరైనా మాట సాగదీస్తే "చెరకు ఎండిపోతోందండీ" అనేవాడు. గోదాము చూసే పెద్దాయన్ని మేమంతా చాచా అంటాం. ఆయన ఆ మీటింగుల గురించి ఊరంతా చెప్పుకునేవాడు: "బీడీ ముట్టిస్తి, ఆరకముందే మీటింగ్ ఖతం."

నా భర్త గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయనకు ఓపిక తక్కువ. ఇంట్లోనూ కూర్చుని మాట్లాడేవాడు కాదు. నేను ఏదైనా చెబుతుంటే సగంలో లేచి చెప్పులు వేసుకునేవాడు. చాలా ఏళ్లు నాకు అది కష్టంగానే ఉండింది.

వరికోతలప్పుడు, ఒక రోజు పొద్దున, బోధన్ అవతల కాలువ గట్టు మీద బండి ఆపి కూర్చున్నాడట. దారిన పోయేవాళ్లు అలసటకు కూర్చున్నాడనుకున్నారు. గుండె అన్నారు తర్వాత. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

దినాలయ్యాక నేను ఆఫీసుకు వచ్చిన మొదటి సోమవారం, అలవాటు కొద్దీ షెడ్డు కిందికి వెళ్లి నిలబడ్డాను. చాచా నన్ను చూసి లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"కూసో బిడ్డా."

"వద్దు చాచా."

"నువ్వు నిలబడితె మాకు బాగుంటదా?"

కూర్చున్నాను. నేను కూర్చుని మేనేజరు గారు నిలబడితే బాగుండదని ఆయనకూ ఒక కుర్చీ వచ్చింది. మేమిద్దరం కూర్చుని మిగతావాళ్లు చుట్టూ నిలబడితే పంచాయితీలా ఉందని ఎవరో అన్నారు. అందరికీ కుర్చీలు వచ్చాయి. ఆ తర్వాతి వారం చలిగాలి కొడుతోందని, అది నాకు పడదని, అందర్నీ మేడ మీదికి మార్చారు. అక్కడ పెద్ద బల్ల ఉంది. దాని చుట్టూ కూర్చున్నాక కిటికీ పక్కన ఒక కుర్చీ మిగిలింది. అందులో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ అనకుండానే అది ఆయనదైంది.

కూర్చున్న మీటింగుకు టీ కావాలి. టీ వచ్చేదాకా ఆగాలి. బల్ల ముందు కూర్చుని ఏమీ చెప్పకపోతే మర్యాదగా ఉండదు కాబట్టి ప్రతివాళ్లూ పోయిన వారం చేసిన పనులన్నీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. మేనేజరు గారు బ్యాంకులో చేసి రిటైరై వచ్చినాయన. మంచివాడు. ఎవరి మాటకూ అడ్డు చెప్పడు. సోమవారం తేలనిదాన్ని తేల్చడానికి బుధవారం ఒకటి పెట్టాడు. బుధవారం తేలినవి ఎంతవరకు వచ్చాయో చూడడానికి శుక్రవారం ఇంకొకటి వచ్చింది.

ఏ విషయమైనా చివరికి ఒకచోట ఆగేది. అందరూ నా వైపు తిరిగేవాళ్లు. మేనేజరు గారు గొంతు తగ్గించి అడిగేవాడు:

"అమ్మా, ఆయనైతే ఏమంటుండె?"

మొదట్లో కొన్ని నాకు తెలుసు, చెప్పాను. తర్వాత తర్వాత తెలియనివే ఎక్కువయ్యాయి. ఆఫీసు సంగతులు ఆయన ఇంట్లో చెప్పేవాడు కాదు. నేను "చూసి చెప్పేవాడేమో" అంటే, చూద్దాం అన్నారని తీసుకునేవాళ్లు. "ఏమో" అంటే, తొందర వద్దన్నారని తీసుకునేవాళ్లు.

నాకు ఆ గదిలో కూర్చోవడం కష్టంగా ఉండేది. బల్ల కింద కాళ్లు నిలిచేవి కావు. కిటికీలోంచి బోధన్ బస్సులు కనిపించేవి. లేచి ఎక్కడికైనా పోవాలనిపించేది. ఎక్కడికో తెలియదు. ఇంటికి పోతే ఆఫీసుకు రావాలనిపించేది. ఇంట్లో మడతపెట్టిన బట్టలు తీసి మళ్లీ మడతపెట్టేదాన్ని. ఆఫీసులో నీళ్ల బాటిల్ నింపుకోవడానికని మెట్లు దిగి, నింపకుండానే ఎక్కి వచ్చేదాన్ని. అయినా సోమవారం తప్పకుండా వెళ్లి నా చోట్లో కూర్చునేదాన్ని. వాళ్లకు ఆయన మీద ఉన్న ప్రేమ అది, దాన్ని నేను కాదనకూడదు అనుకున్నాను.

ఆయన స్థానంలో వచ్చిన కొత్త ఫీల్డ్ ఆఫీసరు నందిపేట అమ్మాయి. స్కూటీ మీద ఊళ్లు తిరుగుతుంది. ముఖానికి కట్టుకున్న చున్నీ విప్పితే కళ్ల చుట్టూ మాత్రం దుమ్ము కనిపిస్తుంది. మొదటి రోజు ఆమె గదిలోకి వచ్చి ఖాళీగా ఉంది కదా అని కిటికీ పక్క కుర్చీని వెనక్కి లాగింది. చాచా గబుక్కున లేచి తన కుర్చీ ఆమెకు ఇచ్చి, తాను పోయి స్టూలు తెచ్చుకున్నాడు. ఏం తప్పు చేసిందో ఎవరూ ఆమెకు చెప్పలేదు. మరుసటి సోమవారం నుంచి ఆమే ఆ స్టూలు తలుపు దగ్గర వేసుకుని కూర్చునేది.

నేను మొదట చెప్పిన, పదీ ఇరవైకి టీ వచ్చిన ఆ సోమవారం, మొదటి విషయం పాలిష్ మిషను.

"పోయినసారి యాడ ఆపినం?" అన్నాడు మేనేజరు గారు.

"ఆపిన కాడనే ఉన్నది సార్," అంది నందిపేట అమ్మాయి. "మెండోర ఊర్ల పసుపు ఎండింది. కుప్పలు పోసుకుని కూసున్నరు. వేల్పూర్ల ఇంక ఉడకబెడుతనే ఉన్నరు. మిషన్ ఫస్టు మెండోరకు పోవాలె. పోయిన వారం గిదే చెప్పిన, అంతకుముందు వారం గుడ గిదే చెప్పిన."

"కాదంటలేనమ్మా. కాని ఎప్పుడైనా ముందుగాల వేల్పూర్కే పోతది. ఆయనున్నప్పటి సంది గదే పద్ధతి."

"అల్లుడు గదా," అన్నాడు చాచా. "అత్తగారూరు ముంగట, లోకం ఎనక."

నవ్వబోయినవాళ్లు నా వైపు చూసి ఆగిపోయారు. అది పాత హాస్యం. ఆయన ఉన్నప్పుడు ఆయన ముఖం మీదే అనేవాళ్లు. "మా అత్తగారి గారెలు మీకేం తెలుసండీ" అని ఆయన కూడా అనేవాడు. నిజమేమిటంటే ఆ ఏళ్లలో వేల్పూర్లో పసుపు ముందు ఎండేది, అందుకని మిషను ముందు అక్కడికి పోయేది. ఈసారి వేల్పూర్ వైపు వానలు వెనక్కి జరిగి అక్కడివాళ్లు ఆలస్యంగా తవ్వారు. ఆ గదిలో అది తెలియనివాళ్లు లేరు. కానీ ఆయన పద్ధతి మార్చడం ఒకటి, నా పుట్టింటిని వెనక్కి నెట్టడం ఒకటి. రెండూ కలిపి నా ముందు అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"అమ్మా, ఆయనైతే ఏమంటుండె?"

"ఏమో సార్. పోయి సూసొచ్చి చెప్తుండె."

"సరే. సూద్దాం. వచ్చే సోమవారం తేలుద్దాం."

ఆమె చేతిలో ఫోను మెండోర నుంచి మోగుతూనే ఉంది. మీటింగు అయ్యాక మెట్ల మీద నాకంటే ముందు దిగుతూ ఆగింది.

"అక్కా, నేను పోత."

"మెండోరకా?"

"కాదు. పని ఇడిసిపెట్టి పోత. ఆర్మూర్ల విత్తనాల కంపెనీ ఒకటి రమ్మంటుంది. వచ్చే సోమవారం దాక సూస్త, అంతే."

"మిషను కోసమా?"

"మిషన్ కాదక్కా. మెండోరోల్లు నన్ను ఏమంటుండ్రో తెల్సా? నువ్వు ఆఫీసర్వా, పోస్ట్ మ్యాన్వా అంటుండ్రు. వాల్ల మాట పైకి మోసుకొస్త. పైన ఏం చెప్పరు. గా ఏం చెప్పనిదాన్ని మల్ల మోసుకపోత." చున్నీ ముఖానికి చుట్టుకుంది. "ఆయన మంచోడే కావచ్చు. నేను సూడలే. బతికున్న మనిషైతే ఎదురుంగ నిలబడి కొట్లాడుతుంటి. లేనోల్లతోని ఎట్ల కొట్లాడాలె? ఏమనుకోకు అక్కా."

ఆమె స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ గదిలో నన్ను జాలిగా చూడని మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోతే మెండోర వాళ్ల పసుపు పాలిష్ లేకుండానే యార్డుకు పోతుంది. ఆ తర్వాత ఇంకొకరు వస్తారు, ఆ స్టూలు మీద కూర్చుంటారు. మేము మాత్రం ఆయనైతే ఏమంటాడని అడుగుతూనే ఉంటాం.

మధ్యాహ్నం సెలవు పెట్టి బోధన్ బస్సు ఎక్కాను. ఎందుకు ఎక్కానో చెప్పలేను. దారి పొడుగునా ఒకప్పుడు చెరకు ఉన్న చోట వరి ఉంది. సగం దారిలో దిగి, రోడ్డు దాటి, ఎదురుగా వచ్చిన నిజామాబాద్ బస్సు ఎక్కి వెనక్కి వచ్చాను. కండక్టరు టికెట్ ఇస్తూ "ఏమన్న మర్సిపోయిండ్రా మేడం" అని అడిగాడు. అవునన్నాను.

నాకు చదివే అలవాటుంది. ఆయన పోయాక మనుషులు తమ వాళ్లను పోగొట్టుకోవడం గురించి రాసినవి చాలా చదివాను. ఎక్కువ పుస్తకాల్లో నదులూ దీపాలూ ఉన్నాయి. ప్రతి సోమవారం ఒక బల్ల ముందు కూర్చుని ఆయన బదులు జవాబు చెప్పాల్సి వస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు.

మరుసటి రోజు గోదాములోకి వెళ్లాను. చాచా బస్తాల మధ్య నిలబడి లారీ వాడితో వాదిస్తున్నాడు. వాడు వెళ్లేదాకా ఆగి అడిగాను.

"చాచా, సోమవారం మీటింగు నీకెట్ల అనిపిస్తది?"

"నిజం చెప్పాల్నా, మర్యాదకు చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

అటూ ఇటూ చూశాడు. "నడుము పోతుంది బిడ్డా. గా స్టూలు, గా కుర్చీ, ఏదైన గంతే. కాటా కాడ లారీలు ఆగి హారన్లు కొడుతుంటయి, నేను పైన బిస్కెట్లు తింటుంట. గీ వయసుల నాకు బిస్కెట్లెందుకు?"

"మరి చెప్పొచ్చు గదా."

"ఎట్ల చెప్త? నీ కోసమేనాయె. ఆయన మీటింగ్ బంద్ పెడితే నీ మనసు ఖరాబ్ అయితదని అందరికీ పరేషాన్. అమ్మ సోమవారం కోసమే ఆఫీసుకొస్తుంది, ఎవ్వలు ఏమనకుండ్రి అని సార్ చెప్పిండు మాకు."

"నేను మీ కోసం కూసుంటున్న చాచా. మీరు బాధపడతరని."

చాచా మెల్లగా ఒక బస్తా మీద కూర్చున్నాడు.

"అంటే గిన్ని దినాలు ఎవలి కోసం ఎవలు కూసున్నట్టు?"

నాకు నవ్వు వచ్చింది. ఆయన పోయాక ఆఫీసులో నవ్వడం అదే మొదలు. చాచా కూడా నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఈ సంగతి మేనేజరు గారికి ముందే చెప్పి ఉండొచ్చు. చెబితే ఆయన దాని మీద ఒక మీటింగు పెట్టేవాడు.

ఆ వారమంతా నాకు నిలకడ లేదు. చెప్పాల్సిన మాట చిన్నదే. అయినా వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, రోడ్డు దాటుతూ దాన్ని మార్చి మార్చి అనుకున్నాను. ప్రతిసారీ అది పెద్దదైపోయి, వినయంగా తయారయ్యేది. ఆయన ఆశయం, మీ అభిమానం, అలాంటి మాటలు వచ్చి చేరేవి. వాటిని తీసేసేదాన్ని. మళ్లీ వచ్చేవి.

సోమవారం వచ్చింది. టీ వచ్చింది. మిషను విషయం వచ్చింది. నందిపేట అమ్మాయి అదే మాట మళ్లీ చెప్పింది, ఈసారి కోపం కూడా లేకుండా. ఆమె బ్యాగు భుజానికే ఉంది. మేనేజరు గారు నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఆయనైతే ఏమంటుండె?"

"నాకు తెల్వదు సార్."

"అట్ల కాదమ్మా. మీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?"

"ఎవ్వరికీ తెల్వదు. ఆయన చచ్చిపోయిండు."

ఆ గదిలో ఆ మాట అంతవరకు ఎవరూ అనలేదు. ఆయన లేనప్పటి సంది అనేవాళ్లు, ఆయన ఉన్నప్పుడు అనేవాళ్లు. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను ఆగకుండా మిగతాదీ చెప్పేశాను.

"ఈ యాడాది పసుపు ఆయన సూడలే. ఈమె సూసింది. ఈమెనడుగుండ్రి. వేల్పూర్ మా అమ్మగారిల్లు, ఆ ఊరోల్లకు నేను చెప్పుకుంట. నా కోసమని ఏదీ ఆపకుండ్రి సార్. నాకు ఈడ కూసునుడు శాతనైతలేదు."

మేనేజరు గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. తుడవలేదు. తలుపు దగ్గరి స్టూలు వైపు తిరిగాడు.

"చెప్పమ్మా."

ఆమె స్టూలు మీంచి లేచింది. "మిషన్ ఇయ్యాల్నే మెండోరకు పోతది. వేల్పూర్కు హోళీ దాటినంక. ఎవలకన్న ఏమన్న అడిగేది ఉంటె అడుగుండ్రి, నేను పోవాలె."

"వేల్పూరోల్లు ఊకుంటరా?"

"ఊకోరు సార్. తిడతరు. నన్ను తిడతరు, నేను పడత."

"డీజిల్ నేను పోపిస్త," అన్నాడు చాచా, అప్పటికే లేచి.

మెట్ల మీద ఆమెను అడిగాను, ఆర్మూర్ సంగతి ఏమైందని.

"మెండోరకు తొవ్వ ఆర్మూర్ మీదికెల్లే గదక్కా," అంది చున్నీ చుట్టుకుంటూ. "కాని ఆడ ఆగను."

సాయంత్రానికి వేల్పూర్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏందక్కా, బావ పోంగనే మిషన్ గుడ పాయెనా?"

"నీ పసుపు ఎండిందారా?"

"ఎండలే."

"మరి మిషన్ల ఏమేసి తిప్పుతవు, నీ తలకాయా?"

"మర్యాద అని ఒకటుంటది గదా. బావ ఉంటే గిట్లయితుండెనా? ఊర్ల నాకు మొకం సూపెట్టరాకుంటున్నది."

"పసుపు ఎండినంక ఫోన్ చెయ్. మొకం సంగతి అప్పుడు సూద్దాం."

వాడు ఫోన్ పెట్టేశాడు. చాలా రోజులు మాట్లాడలేదు. నేనూ చేయలేదు.

ఆ వారంలోనే నందిపేట అమ్మాయి నన్ను మెండోర రమ్మంది. "మేడం లెక్క కాదక్కా, ఊకనే రా" అంది. ఊరి అవతల కల్లాల్లో మిషను నడుస్తోంది. గాలి నిండా పసుపు పొడి. గోదావరి వైపు మబ్బు పట్టి ఉంది. కల్లాల్లో ఇంకా ఆరుతున్న పసుపు ఉంది. వానపడితే ఏం చేయాలో తేల్చుకోవాలి. ఆమె మిషను డ్రైవర్నీ, కల్లాల వాళ్లనూ పిలిచి కుప్పల మధ్యే నిలబెట్టింది. నేను ఎప్పుడూ విననిది ఒకటి అడిగింది.

"గీ పసుపు మొత్తం ఖరాబ్ కావాలంటే మనం ఏం జెయ్యాలె? ఒక్కొక్కలు చెప్పుండ్రి."

"గిదేం అడుగుడు బిడ్డా?" అన్నాడు ఒక ముసలాయన.

"మీ ఆఫీసుకు అప్పజెప్తె సాలు, అదే అయితది," అంది పసుపు ఎత్తుతున్న ఒకావిడ. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నందిపేట అమ్మాయే నవ్వింది.

ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. కప్పకుండ పండుకుంటె అయితది అన్నారొకరు. పచ్చిదీ ఎండిందీ కలిపి డ్రమ్ముల పోస్తె అయితది అన్నారు ఇంకొకరు. కప్పే కవర్లు ఒక్క ఇంట్ల పెట్టి ఆ ఇంటికి తాళం పెట్టి పోతె అయితది, పోయినేడు గట్లనే అయింది అని ఒకతను అంటే, తాళం పెట్టినాయన అక్కడే ఉన్నాడు, గుర్రుమన్నాడు. మిషనోనికి అన్నం పెట్టకుంటె అయితది అన్నాడు డ్రైవరు. ఎవరు ఏది అంటే అది జరగకుండా చూసే పని ఆ అమ్మాయి వాళ్లకే అప్పగించింది. తాళం సంగతి చెప్పినతని ఇంటికి కవర్లు మారాయి. డ్రైవరుకు అన్నం పెట్టే వంతు, ఆఫీసును ఎగతాళి చేసినావిడ తనే తీసుకుంది. ఆవిడ చాయ్ పెట్టడానికి పోయి వచ్చేసరికి అంతా ఎవరి కుప్ప దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

నేను పక్కన నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా వైపు ఎవరూ తిరగలేదు. నాకు ఊపిరి తేలికైంది. ఆ వెంటనే ఏం చేయాలో తోచక, ఒక గంప అందుకుని, అవతలి కుప్పలోకి పసుపు మోశాను. ఆ మధ్యాహ్నం ఆయన నాకు ఎంతసేపు గుర్తు రాలేదో తర్వాత బస్సులో తెలిసింది. కిటికీ పక్కన కూర్చున్నదాన్ని లేచి ఆర్మూర్ దాకా నిలబడే వచ్చాను.

బుధవారం మీటింగు ముందు పోయింది, తర్వాత శుక్రవారానిది, చివరికి సోమవారానిది. జరిగిన పని చెప్పుకోవడానికి ఇప్పుడు ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడతారు. ఏదైనా ఆగిపోతే, అది ఎవరి పనో వాళ్లు, కావలసిన ఇద్దరు ముగ్గురినీ అది ఆగిన చోటికే పిలుస్తారు. కాటా దగ్గరైతే కాటా దగ్గర, యార్డులో అయితే యార్డులో. మేనేజరు గారికి అలవాటు కావడానికి సమయం పట్టింది. కొన్ని సోమవారాలు ఆయన మేడ మీది గదిలో ఒక్కడే కాసేపు కూర్చుని దిగి వచ్చేవాడు. ఆయన మెసేజులు బాగా పొడుగు. "పండుకునే ముంగట పెట్టుకుంట, మంచిగ నిద్ర వస్తది" అంటాడు చాచా. మేనేజరు గారి ముందే అంటాడు, ఆయనా నవ్వుతాడు. గదిలోని కుర్చీలు కిందికి వెళ్లాయి, కాటాకు వచ్చే రైతులు కూర్చోవడానికి. బల్ల మీద ఇప్పుడు శాంపిల్ సంచులు ఉంటాయి.

హోళీ దాటాక మిషను వేల్పూర్ పోయింది. నందిపేట అమ్మాయే దగ్గరుండి నడిపించింది. మా తమ్ముడు ఆమెను తిట్టాడట, తర్వాత అన్నం పెట్టాడట. రెండూ ఆమే చెప్పింది. ఆమె ఎక్కడికీ పోలేదు. వచ్చే ఏడు ఇంకో మిషను కావాలని ఇప్పటినుంచే మేనేజరు గారితో ఎదురుగా నిలబడి కొట్లాడుతోంది.

నేను ఇంకా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అది మీటింగు వల్ల కాదని ఇప్పుడు తెలిసింది. మీటింగు ఉన్నప్పుడు, వారానికి ఒకసారైనా, ఒక గదిలో అందరూ కలిసి ఆయన గురించి మాట్లాడేవాళ్లు. మొదటి కొన్ని వారాలు ఎవరో ఒకరు నోరు జారి ఆయన పద్ధతి అనో, ఆయనుంటే అనో అనేవాళ్లు. నేను తల ఎత్తి చూసేదాన్ని. ఆ తర్వాత పనుల్లో పడ్డారు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన ఎవరో తెలియదు. పని ముందుకంటే బాగా నడుస్తోంది.

ఆఫీసులో ఆయన మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.